తేలికైపోతున్న సంచి

కిందటి వారం మనం ఈ ముగ్గురినీ రేవు ఊళ్ళో, వానలో, బస్సు దిగుతుండగా వదిలిపెట్టాం. పరాయి దేశంలో ఒక సెమిస్టరు చదువు ముగించుకుని, ఇంటికెళ్ళే విమానం ఎక్కేలోపు సముద్రం పక్కనున్న ఊళ్ళన్నీ చూసేద్దామని వీపులకి సంచులు తగిలించుకుని బయల్దేరినవాళ్ళు. మొదటి ఊళ్ళో సముద్రాన్ని చూసి కేకలు పెట్టారు. రెండో ఊళ్ళో ఫొటోలు తీసుకున్నారు. ఆ తరవాత ఎక్కడ చూసినా ఒకటే నీళ్ళు, ఒకటే మెట్లు, ఒకటే రొట్టె. కాళ్ళు పీకుతున్నాయి, మాటలు తగ్గాయి. అప్పుడు ముగ్గురిలో పంతులమ్మ అనే అమ్మాయికి ఒక సంగతి తెలిసొచ్చింది. తను మోస్తున్న సంచి, స్నేహితురాలు గువ్వది, ఊరూరికీ తేలికైపోతోంది. బస్సు మెట్టు మీదే నిలబడి, "ఏవే, అసలు దీన్లో ఏముంది?" అని అడిగింది. గువ్వ వినిపించుకోనట్టు వానలోకి దిగిపోయింది.

ఒకరి సంచి ఇంకొకరు మోయడమేమిటని కొత్తగా చదువుతున్నవాళ్ళు అడగవచ్చు. అది మొదటి రోజున బస్టాండులో పుట్టిన చట్టం. తన సంచే అందరికన్నా బరువని తాతయ్య గోల పెడుతుంటే పంతులమ్మ తీర్పు చెప్పింది. ఎవరి సంచి వాళ్ళు మోయకూడదు, చీటీల్లో ఎవరిది వస్తే వాళ్ళది, విమానం ఎక్కేదాకా అంతే. సొంత బరువైతే సణుగుతాం, పక్కవాళ్ళదైతే మర్యాదకైనా ఊరుకుంటాం కదా అని ఆమె ఆలోచన. ఆ ఆలోచన తాతయ్య దగ్గర మాత్రం పారలేదు. అతనికి పంతులమ్మ సంచి వచ్చింది. ఆమె పొద్దున్నే బయటికి తీసి దణ్ణం పెట్టుకునే దేవుడి పటాలు, ఇత్తడి కుంది, పారాయణ పుస్తకాలు అన్నీ అందులోనే. "ఇంతమంది దేవుళ్ళున్నారు, ఒక్కరైనా దిగి నడవచ్చు కదా" అని సంచి ఎత్తుకున్నప్పుడల్లా అంటూనే ఉన్నాడు.

తాతయ్య అంటే ముసలివాడు కాదు, ఇంకా మీసం సరిగా రానివాడు. మోకాళ్ళకి నూనె రాసుకోనిదే పడుకోడు, కాస్త గాలి వీస్తే చెవులకి మఫ్లరు చుట్టేసుకుంటాడు, అందుకని ఆ పేరు. గువ్వ మనిషీ చిన్నదే, గొంతూ చిన్నదే. ఇక పంతులమ్మ సంగతి: ఆమె అబద్ధం చెప్పదు, చెప్పినవాళ్ళని వదలదు. పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళు బస చేసిన గది ఖాళీ చేసేశారు. విమానం ఎక్కాల్సిన ఊరికి సాయంత్రం పడవ ఉంది. అప్పటిదాకా తల దాచుకోవడానికి చోటు లేదు, బట్టలు తడిసి వాసన కొడుతున్నాయి. సందు మలుపులో బట్టలుతికే దుకాణం కనబడితే అందులోకి దూరారు.

గోడ పొడుగునా మెషీన్లు. గుండ్రటి అద్దాల వెనక ఎవరివో దుప్పట్లు పొర్లుతున్నాయి. వాటికి ఎదురుగా నేలకి మేకులు దిగ్గొట్టిన పొడవాటి బల్ల. తడికి గోడ సున్నం ఉబ్బి పొరలుగా లేచింది. మూలన దుకాణం ఆవిడ దుప్పటి అంచుని గడ్డంతో ఛాతీకి నొక్కిపట్టి మడతపెడుతోంది. వీళ్ళని చూసి, దుప్పటి వదలకుండానే, సబ్బుపొడి డబ్బా వైపు కళ్ళతో చూపించింది.

"నేను రేవుకెళ్ళి టిక్కెట్లు తెస్తా" అన్నాడు తాతయ్య మఫ్లరు బిగించుకుంటూ. "నా బనీన్లు మాత్రం విడిగా వెయ్యండమ్మా. గువ్వ ఎర్ర శాలువా రంగు పోతుంది."

"ఆ శాలువా లేదులే" అంది గువ్వ.

"ఏమైంది?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఎవరో ఒకావిడకి. బస్సులో వణుకుతోంది."

"బాగుంది. నువ్వు దానాలు చేస్తూ ఉండు, ఈ పంతులమ్మ చేతులూపుకుంటూ నడుస్తూ ఉంటుంది. నాకేమో దేవుళ్ళ మోత." తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. వాన చప్పుడు ఒక్క క్షణం లోపలికొచ్చి మళ్ళీ ఆగిపోయింది.

పంతులమ్మ మెషీన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గువ్వ సంచి విప్పింది. ఒక జత బట్టలు, తువ్వాలు, బ్రష్షు, ఫోను తీగ. చెయ్యి అడుగుదాకా వెళ్ళి సంచి గుడ్డకే తగిలింది. పక్క జేబులు తడిమింది. అవీ ఖాళీ.

గువ్వ తన బూట్లు ఎవరికో ఇచ్చెయ్యడం ఆమె చూసింది. కోటు ఇవ్వడమూ చూసింది. అంతకుముందు దిగిన బసలో నేల తుడిచే మనిషికి ఆ కోటు తొడిగి, గుండీలు కూడా గువ్వే పెట్టింది. అప్పుడు పంతులమ్మ అందరి ముందూ "నువ్వు దేవతవే తల్లీ" అని మెచ్చుకుంది. గువ్వ ముఖం తిప్పుకుంది. అది సిగ్గనుకుంది పంతులమ్మ. కానీ ఆ రోజు నుంచే ఆమెకి లోపల ఒక భయం మొదలైంది. తనవన్నీ ఒక్కొక్కటే పంచేసే మనిషి మనసులో ఏముంటుందో ఆమె ఎక్కడో చదివింది. చదివింది గుర్తొచ్చినప్పటి నుంచి పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు తన సంగతేదీ అడగడం లేదు, గువ్వ సంగతే అడుగుతోంది.

బట్టలు మెషీన్లో పడేసి మూత వేసి, వచ్చి బల్ల మీద గువ్వ పక్కన కూర్చుంది.

"ఒకటడుగుతా. కోప్పడకు."

"అడుగు."

"నువ్వు... నిన్ను నువ్వేమైనా చేసుకుందామని అనుకుంటున్నావా?"

గువ్వ ఆమె వైపు చూసింది. ఆ చూపులో ముందు అర్థంకానితనం, తరవాత నవ్వు.

"చచ్చిపోతాననుకున్నావా? అయ్యో పిచ్చిదానా. చావంటే భయం కాబట్టే కదా ఈ గొడవంతా."

"ఒట్టేనా?"

"ఒట్టు."

భయం పోగానే పంతులమ్మకి కోపం ముంచుకొచ్చింది. "మరి ఈ పంపకాలేమిటే? ఇంటికి ఏం తీసుకెళ్తావు? ఉత్త సంచా?"

"ప్రాక్టీసు చేస్తున్నా."

"దేనికి?"

గువ్వ మెషీన్ వైపు తిరిగింది. మెషీన్ నీళ్ళు లాక్కుంటోంది.

"అన్నయ్యకి కిడ్నీ ఇవ్వడానికి" అంది గువ్వ, అదేదో మామూలు మాటలా.

పంతులమ్మకి ఆ అన్నయ్య గురించి తెలుసు. ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాడు. చిన్నప్పుడు గువ్వ హోంవర్కు ఎడమచేత్తో రాసిపెట్టేవాడట, దస్తూరి అచ్చం దానిదిలాగే కోడి గీకినట్టు ఉండాలని. ఈ కథ హాస్టల్లో చెప్పుకుని అందరూ పడీ పడీ నవ్వారు. అతనికి జబ్బన్న మాట మాత్రం గువ్వ ఎప్పుడూ అనలేదు.

"అమ్మకి షుగరు, పనికిరాదన్నారు. నాన్న లేరు. వదినది సరిపోలేదు. నాది సరిపోయింది" అని చెప్పుకొచ్చింది గువ్వ, అద్దం వెనక తిరుగుతున్న తన ఒక్క జతనీ చూస్తూ. "రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరూ ఏడుస్తూ నవ్వారు. అమ్మ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. పిన్ని 'దేవతవే' అంది. మావయ్య తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఆ సందట్లో నేను ఊఁ అన్నానో లేదో ఎవరూ చూసుకోలేదు."

"డాక్టరు అడగలేదా?"

"అడిగాడు. పాపం మంచాయన. అందర్నీ బయటికి పంపించి, నీ ఇష్టంతోనేనా అమ్మా అన్నాడు. తలుపుకి అద్దం ఉంది. అద్దం అవతల అమ్మ చేతులు జోడించుకుని నిలబడింది. ఇష్టమే అన్నాను."

"మరి ఈ చదువుకి ఎలా వచ్చావు?"

"అన్నయ్యే పట్టుబట్టాడు. సీటు పోగొట్టుకోవద్దు, సెమిస్టరు అయ్యాకే ఆపరేషనన్నాడు. అప్పటిదాకా ఆస్పత్రిలో మెషీన్ పెట్టించుకుని రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. మనం ఇంటికెళ్ళిన వారంలోనే ఆపరేషను. అందుకే చెప్పా కదా, ఈ ప్రయాణం నెమ్మదిగా చేద్దామని. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఏ బస్సెక్కినా, ఏ పడవెక్కినా అన్నీ ఆ మంచం దగ్గరికే పోతున్నాయే."

దుకాణం ఆవిడ ఒక దొంతి అలమరలో పెట్టి ఇంకో దుప్పటి అందుకుంది.

"మొదటి ఊళ్ళో బూట్లిచ్చాను" అంది గువ్వ. "ఏం నొప్పి లేదు. పైగా హాయిగా అనిపించింది. అప్పుడు తోచింది. చిన్నవి ఇస్తూ పోతే ఇవ్వడం అలవాటవుతుందేమో, పెద్దది అడిగేనాటికి చెయ్యి దానంతటదే వస్తుందేమో అని. కోటిచ్చాను. చలేసింది, అంతే. శాలువా అమ్మ అల్లింది, అదీ ఇచ్చేశాను. ఇంక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒక్కటీ మాత్రం... దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా ఇవ్వలేననిపిస్తోంది."

పంతులమ్మ నోటికి మొదట వచ్చింది ఎవరికైనా వచ్చే మాటే. "ఒక్కదాంతో కూడా నిక్షేపంగా బతుకుతారట కదే. దేవుడున్నాడు. ధైర్యం చెయ్యి."

"అంతా చదివాను. నీకన్నా ఎక్కువే చదివాను. నా దగ్గర గొప్ప కారణమేదీ లేదు. పొట్ట కోస్తారంటే భయమేస్తోంది. మత్తు ఇచ్చాక లేవనేమోనని భయమేస్తోంది. అంతే."

"కానీ నువ్వు ఇవ్వకపోతే మీ అన్నయ్య..."

"ఆ మాట నువ్వు కూడా అనకు" అంది గువ్వ. అరవలేదు. చాలా అలిసిపోయిన గొంతుతో అంది. "రోజూ నేనే అనుకుంటున్నాను."

చిన్నప్పటి నుంచి పంతులమ్మ విన్న పురాణాల్లో ఇచ్చినవాళ్ళే ఉన్నారు. కోసి ఇచ్చారు, ఒలిచి ఇచ్చారు, అడగ్గానే ఇచ్చారు. ఇవ్వలేక గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. అలాంటివాళ్ళు అప్పుడు మాత్రం లేకుండా ఉంటారా? ఉండే ఉంటారు. వాళ్ళ మీద దేవుడికి కోపమొచ్చిందా, జాలేసిందా? పోనీ ఇచ్చినవాళ్ళనైనా ముందుగా ఎవరైనా పక్కన కూర్చుని నీకెలా ఉందని అడిగారా? దణ్ణం పెట్టేటప్పుడు తల వంచుకునే పెడతాం. ఎదుటి మనిషి ముఖం ఎలా ఉందో ఆ కాసేపూ కనబడదు కదా. తను కూడా అలాగే ఆ కోటు దగ్గర తల వంచి "దేవతవే" అనేసింది.

"నేనూ ఆ మాటే అన్నాను" అంది. "నాకు తెలీదే."

"తెలుసు నీకు తెలీదని. అందుకే నీతో తిరగడం బాగుండేది."

తలుపు తెరుచుకుంది. తాతయ్య నిలువునా తడిసి వచ్చాడు. మఫ్లరు పిండుతూ, "దొరికాయి. కిటికీ దగ్గర సీట్లు. నాకు మధ్యలో ఇవ్వరా బాబూ, వాంతులొస్తాయంటే ఆ టిక్కెట్లవాడు వినడే..." అంటూ ఇద్దరి ముఖాలూ చూసి ఆగాడు. "ఏంటి, ఎవరో పోయినట్టు కూర్చున్నారు? నా బనీన్లు ఎరుపెక్కాయా?"

"నేను పడవెక్కను" అంది గువ్వ.

అతనికి పంతులమ్మ చెప్పింది. దాపరికం లేకుండా, నాలుగు మాటల్లో. తాతయ్య మఫ్లరు పిండడం మానేసి బల్ల చివర కూర్చున్నాడు.

"ఎక్కకపోతే ఏం చేస్తావు?" అని అడిగాడు.

"తెలీదు. ఈవిడ నన్ను దుప్పట్లు మడతపెట్టే పనికి పెట్టుకుంటుందేమో అడుగుతా."

"నువ్వా? ఆ దుప్పటి నీకన్నా పొడుగుంది. నిన్నే మడతపెట్టి అలమరలో పెట్టేస్తుంది."

గువ్వ నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాతయ్య కంగారుపడి తన తడి మఫ్లరే అందించాడు. అది తడిదని తెలిసి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"నీకు భయమని మీ అన్నయ్యకి తెలుసా?"

"తెలిస్తే అసలు ఒప్పుకోడు. వద్దంటాడు. ఆయన సంగతి నాకు తెలుసు. అందుకే చెప్పలేదు."

"వద్దంటే మంచిదే కదా నీకు?"

"ఏం మంచిది రా? ఆయన వద్దంటాడు. అమ్మ, వదిన నావైపు చూస్తారు. ఆ తరవాత ఆయనకేమైనా అయితే..." గువ్వ తల అడ్డంగా ఊపింది. "ఇస్తే భయం. ఇవ్వకపోతే బతికున్నంతకాలం అదే. చెబితే ఆయన నా కోసం ఊరుకుంటాడు. ఏ వైపు తిరిగినా గోడే."

మెషీన్ తిరగడం ఆగింది. ఎవ్వరూ లేవలేదు. అద్దానికి తడి బట్టలు అంటుకుని అలాగే ఉండిపోయాయి. బయట రేవు వైపు నుంచి పడవ కూత వినబడింది. ఇంకా బయల్దేరడానికి కాదు, సరుకు దించుతున్నందుకు. అయినా ముగ్గురూ అటు చూశారు.

అంతలో బల్ల మీద గువ్వ ఫోను మోగింది. తెర మీద 'వదిన'.

గువ్వ ఫోనుని చూసి చేతులు ఒళ్ళో దాచుకుంది. "నువ్వు తియ్యి" అంది పంతులమ్మతో. "పడవెక్కామని చెప్పు. నిద్రపోతున్నానని చెప్పు. ఈ ఒక్కసారికీ చెప్పవే, నీ కాళ్ళు పట్టుకుంటా."

పంతులమ్మ తీసింది. మాట సరిగా వినబడక స్పీకరు నొక్కి మధ్యలో పెట్టింది.

"చిన్నీ! పడవెక్కారా బంగారూ?"

"నేను వదినా, దాని ఫ్రెండుని."

"ఓ, పంతులమ్మవా! నీ గురించే చెబుతూ ఉంటుందమ్మా ఎప్పుడు ఫోన్ చేసినా. అదేదీ?"

"పక్కనే ఉందండీ."

"ఎక్కేశారా మరి?"

పంతులమ్మ గువ్వ వైపు చూసింది. గువ్వ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది, చెప్పు చెప్పు అన్నట్టు.

"ఇంకా ఎక్కలేదు వదినా" అంది. అది నిజమే.

"ఆలస్యం చెయ్యకండి తల్లీ. ఇక్కడ అందరం మీ కోసమే చూస్తున్నాం. దాని గది కడిగించాం, కొత్త పరుపు వేయించాం. ఆస్పత్రి నుంచి వచ్చాక పడుకోవాలి కదా. అత్తయ్య ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వడం లేదు, చెప్పులతో కూడా. అవునూ, దానికి మెత్తటి దిండు ఇష్టమా, గట్టిదా? ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం, ఎప్పుడూ అడగలేదు చూడు."

ఆమె గొంతులో కల్లాకపటం లేదు. రోజంతా పని చేసి, మొగుణ్ణి కనిపెట్టుకుని, ఇంకా చెయ్యాల్సింది చాలా ఉన్న మనిషి గొంతు. పంతులమ్మకి ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఈమెని మాత్రం ఎవరు ఏమడిగారు? అయినా నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోలేదు.

"దిండు సంగతి నేను కనుక్కుంటాను వదినా. అసలు సంగతి దాన్ని మీరెవరైనా ఎప్పుడైనా అడిగారా?"

"ఏ సంగతమ్మా?"

"ఇవ్వడం దానికి ఇష్టమేనా అని."

గువ్వ కళ్ళు తెరిచింది. ఫోనులో అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఆ తరవాత ఏమీ లేదు. ఫోను తెగిపోయిందేమోనని పంతులమ్మ తెర వైపు వంగి చూసింది. తెగలేదు.

"అడగలేదమ్మా" అంది వదిన. గొంతు చాలా చిన్నదైపోయింది.

"ఎందుకండీ?"

"అడిగితే కాదంటుందేమోనని భయమేసింది."

గువ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. మూలన దుప్పట్లు మడతపెట్టే ఆవిడకి భాష తెలియదు, అయినా మడత ఆపి ఇటు చూసింది. అవతల వదిన ఏడుపు ఆపుకుంటున్నట్టుంది, శ్వాస తెగి తెగి వస్తోంది. అప్పుడు ఆమె వెనక నుంచి, లోపలి గదిలోంచి కాబోలు, నీరసంగా ఒక మగగొంతు వినబడింది.

"ఎందుకేడుస్తున్నావు? ఫోన్లో ఎవరు, చిన్నీయేనా? ఏది, ఇటివ్వు."

వదిన ఇవ్వలేదు. కాదనీ అనలేదు. మంచం కిర్రుమంది, అడుగులు మెల్లగా దగ్గరికొస్తున్నాయి. బల్ల మీది ఫోను వైపు గువ్వ చెయ్యి చాపింది. అన్నయ్యతో మాట్లాడ్డానికో, ఆయన అడిగేలోపే కట్టెయ్యడానికో, ఆ చెయ్యిని చూస్తే పంతులమ్మకి తెలియలేదు.